చేపకు కట్టిన ఎర్ర బిళ్ల

టీకి పాల కోసం ల్యాబ్ ఫ్రిజ్ తలుపు తీసిన నజీర్ అహ్మద్‌కి లోపల ఒక శవం కనిపించింది.

మూరెడు పొడవున్న వంజరం చేప. కళ్లు తెరిచే ఉన్నాయి. తోకకు ఇనుప తీగతో ఎర్ర రేకు బిళ్ల కట్టి ఉంది.

నజీర్ తలుపు మూసేశాడు. మళ్లీ తీసి చూశాడు. చేప అక్కడే ఉంది.

ఆ ఉదయం అతను వేసుకున్న పథకం చిన్నది. టీ తాగడం, హెడ్డాఫీసు నుంచి వచ్చే మేడమ్ నీతి క్లాసులో వెనక కుర్చీలో కూర్చోవడం. అంతే.

గాజువాక ఆటోనగర్‌లోని ఆ ల్యాబ్ ఓడల్లోకి సరుకు ఎత్తే ఉక్కు తీగల స్లింగులను పరీక్షిస్తుంది. బరువు వేసి లాగుతారు. తట్టుకుంటే సర్టిఫికెట్, తీగ తెగితే ఎర్ర బిళ్ల. బిళ్ల కట్టిన వస్తువును ల్యాబ్‌లో ఎవరూ ముట్టుకోరు. లాగేది నజీర్. సంతకం పెట్టేదీ నజీరే.

నిన్న సప్లయర్ ఉదయ్‌కుమార్ పంపిన స్లింగుల్లో ఒకటి ఫెయిలైంది. "ఒక్కటే కదా బావా, కళ్లు మూసుకో" అని ఉదయ్ ఫోన్లో బతిమాలాడు. నజీర్ మూసుకోలేదు. బిళ్ల కట్టి, "బిళ్ల లేనివి మాత్రం పట్టుకెళ్లు" అన్నాడు. ఈ ఉదయం నజీర్ రాకముందే ఉదయ్ వ్యాన్ వచ్చి వెళ్లిందని వాచ్‌మన్ చెప్పాడు.

ఇప్పుడు ఫ్రిజ్‌లో చేప. దాని తోకకు బిళ్ల. నజీర్‌కి సందేశం స్పష్టంగా అర్థమైంది: చేప పుచ్చుకో, బిళ్ల తీసెయ్.

హెడ్డాఫీసు కొత్త నియమం కూడా అంతే స్పష్టంగా ఉంది. కానుక పుచ్చుకున్నవాడు ఆ రోజే ఉద్యోగం వదులుకోవాలి.

"ఏటి నజీర్, ఫ్రిజ్ కాడ ఏటి సేత్తన్నావ్?"

వెనక మేనేజర్ సన్యాసిరాజు.

"పాలు, సార్."

"పాలూ లేవు, ఏటీ లేవు. టీ బయట తాగు. ఇయాల ఆ ఫ్రిజ్ జోలికెల్లకు."

సార్‌కి వాసన తగిలినట్టుంది. నజీర్ బాత్రూమ్‌లోకి వెళ్లి, కుళాయి విప్పి, ఉదయ్‌కి ఫోన్ చేశాడు.

"ఫ్రిజ్‌లో సేప ఉంది."

"ఏటి బావా?"

"నాటకాలాడకు. ఒక్క సేపతో నన్ను కొనేద్దామనుకున్నావేటి?"

అవతల వ్యాన్ బ్రేకు చప్పుడు వినిపించింది. "అంటే... ఒక్కటి సాలదంటావా?"

"అరే, నువ్వు ముందు వచ్చెయ్! మేడమ్ కంట్లో పడకముందే!"

"మేడమ్ కూడానా?" ఉదయ్ గొంతులో గౌరవం ధ్వనించింది. "అర్థమైంది బావా. పోర్టు దారిలో ఉన్నాను. వ్యాన్ తిప్పేస్తన్నాను."

రోజారమణి మేడమ్ క్లాసు మొదలుపెట్టింది. ఆవిడ నవ్వదు. "ఎవరైనా మీకు ఏదైనా ఇస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ సంగతి ఇదే గదిలో లేచి నిలబడి చెప్పగలనా? చెప్పలేకపోతే అది తీసుకోకూడనిది."

ముందు వరుసలో సన్యాసిరాజు గట్టిగా తలూపాడు. వెనక వరుసలో నజీర్ చొక్కా తడిసిపోయింది.

తలుపు తెరుచుకుంది. చంకకో థర్మకోల్ పెట్టెతో ఉదయ్ లోపలికొచ్చాడు.

"లేటయిపోయింది బావా, సేపల హార్బర్‌లో రద్దీ. నీకు పండుగొప్ప సేపలు, మేడమ్‌గారికి టైగర్ రొయ్యలు."

పెట్టెల్లోంచి ఐసు నీళ్లు బొట్లు బొట్లుగా నేల మీద పడుతున్నాయి.

"ఏ మేడమ్‌కి?" అంది రోజారమణి.

ఉదయ్ ఆవిడ వైపు తిరిగాడు. "మీరేనాండి? సాల్తాయా?"

"సీ, సీ! నా ల్యాబ్‌లో లంచమా?" సన్యాసిరాజు కుర్చీ తన్నుకుని లేచాడు. "నజీర్, నువ్వేనా?"

నజీర్ లేచాడు. వెళ్లి, ఫ్రిజ్‌లోని వంజరాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"పొద్దున్నే చూశాను మేడమ్. అప్పుడే అందరికీ చెప్పాల్సింది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. కానీ సముద్రమంతా తెచ్చి పోసినా ఆ స్లింగుకి నేను సంతకం పెట్టను."

"అది నాది కాదు బావా!" ఉదయ్ అరిచాడు. "అమ్మతోడు! నువ్వు ఫోన్ సేసేకే నాను హార్బర్‌కెల్లేను!"

రోజారమణి చేప తోక పట్టుకుని చూసింది. "ఈ బిళ్లలు బయట దొరుకుతాయా?"

"లేదు మేడమ్. బీరువాలో ఉంటాయి. తాళం నా దగ్గరే."

"మరి ఇది ఎక్కడిది?"

నజీర్ బిళ్ల తిప్పాడు. వెనక నిన్నటి తేదీ, తన చేతిరాతలో. పొద్దుట్నుంచీ అతను చేప ఎలా వచ్చిందనే ఆలోచించాడు. బిళ్ల ఎక్కడి నుంచి ఊడిందని ఆలోచించలేదు.

"ఉదయ్, ఎన్ని స్లింగులు ఎక్కించావ్?"

"అన్నీ. ఒక్కదానికీ బిళ్ల లేదు. నువ్వు మనసు మార్చుకున్నావనుకున్నాను."

నజీర్ బయటికి పరుగెత్తాడు, వెనకే అందరూ. వ్యాన్ ఇంకా గేటు ముందే ఉంది. చేపల కోసం వెనక్కి తిరగకపోతే, మధ్యాహ్నానికి ఆ స్లింగులు ఓడ పక్కన క్రేను కొక్కేనికి వేలాడుతూ ఉండేవి. అతను ఒక్కోదానికీ పాతగుడ్డ చుట్టి పొడవునా లాగాడు. గుడ్డ జారింది, జారింది. అట్టడుగు స్లింగు మీద టక్కున చిక్కుకుంది. తెగిన తీగలు ముళ్లలా పైకి లేచి ఉన్నాయి.

ఉదయ్ నేల మీద కూలబడ్డాడు. "మధ్యాన్నం దీంతోనే ఉక్కు చుట్టలు ఎత్తుతారు. కింద నిలబడేది మా తమ్ముడు పైడయ్యే." ఆ తీగల వైపు చూస్తూ, "ఒక్కటే కదా అన్నాను బావా" అన్నాడు.

నజీర్ చేప తోకకున్న బిళ్ల తెచ్చి స్లింగుకు కట్టి, తీగ మెలి గట్టిగా తిప్పాడు.

రోజారమణి అందరి వైపూ చూసింది. "ఈ బిళ్ల తీసిందెవరు? లేచి నిలబడి చెప్పగలిగేవాళ్లు చెప్పండి."

అందరూ నిలబడే ఉన్నారు. ఒక్క సన్యాసిరాజు మాత్రం ల్యాబ్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మెల్లగా లేచాడు.

"నానే మేడమ్. సేప మీకోసమే తెచ్చాను. మా ల్యాబ్‌లో ఎవరూ ఏదీ పుచ్చుకోరని మీరు రిపోర్టులో బాగా రాత్తారని. మా స్టాఫ్ సంగతి నాకు తెల్సు, ఫ్రిజ్‌లో ఏటున్నా మిగల్దు. ఎర్ర బిళ్ల ఉంటేనే ముట్టుకోరు. బీరువాకి తాళం. ఎదురుగా స్లింగుకి బిళ్ల కనబడింది, ఇప్పేసేను. మీరెళ్లేక మళ్లీ కట్టేద్దామనుకున్నాను. ఈలోగా వ్యాన్ వచ్చేత్తదని నాకేటి తెల్సు?" కళ్లు తుడుచుకున్నాడు. "తప్పంతా నాదే మేడమ్. సేప మాత్రం మంచిది. దానికి కావాలంటే సర్టిఫికెట్ నానిత్తాను."