అద్దాల టోపీకి మొదటి బహుమతి

మంగ్లీకి అన్నిటికన్నా పెద్ద భయం దిష్టి. పులి కాదు, పోలీసు కాదు, దిష్టి. ఆ రోజుల్లో తాలూకాలో మిగతా రెండింటికీ కొదువ లేకపోయినా ఆమె భయం మాత్రం మారలేదు. కొడుకు తావుర్యా అప్పుడప్పుడే బోర్లా పడుతున్నాడు. బొద్దుగా ఉంటాడు, చూసినవాళ్లు చూపు తిప్పుకోరు. అందుకే వాడికి గవ్వలూ అద్దం బిళ్లలూ కుట్టి ఒక టోపీ చేసింది. ఎవరి చూపైనా వచ్చి అద్దానికి తగిలి, వచ్చిన దారినే పోవాలని తండాలో తల్లులందరూ చేసే ఏర్పాటే అది.

పోలీసు చర్య ముగిసి తాలూకాలో శాంతి నెలకొన్నదని అధికారులు ప్రకటించారు. ఆ మరుసటి ఏడు సూర్యాపేటలో గ్రామీణ హస్తకళల పరిరక్షణ సంత జరిగింది. దాన్ని జరిపిన సంఘానికి అధ్యక్షులు నరసింగరావు దొరవారు. నిరుటి దాకా ఆయన తలమీద నిజాం కొలువు రూమీ టోపీ ఉండేది, ఇప్పుడు ఖద్దరు టోపీ ఉంది. ఒక్క తలతో ఇంత దేశసేవ చేసినవారు జిల్లాలో మరొకరు లేరు గనుక ఎన్నిక ఏకగ్రీవమైంది.

మంగ్లీ చేతిలో కొత్తగా కుట్టిన సంచి, చంకలో కొడుకుతో సంతకు వచ్చింది. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన అధికారి ఆ సంచిని తిరగేసి, కుట్టు బాగుందనీ, అయితే ఇందులో ప్రాచీనత లేదనీ, పరిరక్షించాలంటే వస్తువు కొంచెమైనా పాడై ఉండాలనీ సెలవిచ్చాడు. న్యాయమైన మాటే. పక్క తండా గేమ్యాకు పొద్దున్నే ఈ మాట చెప్పి పంపారు. అతడు తన సంచికి పేడ పూసి, పొయ్యి మీద పొగబెట్టి మళ్లీ తెచ్చాడు. కాకతీయుల నాటిదని నిర్ణయించి ఎగబడి కొన్నారు. అది చూసి కుమ్మరి మట్టయ్య తన కుండల మూతులన్నీ పగలగొట్టుకున్నాడు. పొద్దుటి నుంచి ఒక్కటీ పోని కుండలు మధ్యాహ్నానికి ఖతమయ్యాయి.

"కుట్టు కొనలే చెల్లె, పేడ కొన్నరు. ఇంటికాడ ఇంకింత ఉంటే తెచ్చుకో," అన్నాడు గేమ్యా.

అంతలో అధికారి గారి భార్య కళ్లు తావుర్యా తల మీద పడ్డాయి. ఆముదంతో, చొంగతో, తండా దుమ్ముతో ఆ టోపీకి కావలసినంత ప్రాచీనత పట్టి ఉంది. ఇవ్వనని మంగ్లీ రెండు చేతులా పట్టుకున్నది. సంఘ సేవకులు ఆమె చేతులు విడిపించి కళను పరిరక్షించారు. మొదటి బహుమతి టోపీకే వచ్చింది. టోపీకి చేతులు లేవు కనుక అధ్యక్షులవారే వేదిక ఎక్కి స్వీకరించారు.

"సోదర సోదరీమణులారా! ఈ అద్దములు మన పూర్వీకుల అజ్ఞానమునకు నిదర్శనములు. దిష్టి అనునది లేదు. మనము శాస్త్రయుగమున ఉన్నాము," అని దొరవారు గర్జించారు. జనం చప్పట్లు కొట్టారు.

కింద మంగ్లీ కొడుకు బోడి తలను ముసుగు కొంగుతో కప్పుకొని, అటు చూసేవాళ్లకు వీపు తిప్పుతూ గిరగిరా తిరుగుతున్నది. ఇంతలో వేదిక మీద అధికారి గారి భార్య, ఫోటో కోసం, ఆ టోపీని తన చంటివాడికి పెట్టింది. వాడూ బొద్దుగానే ఉన్నాడు. సంత మొత్తం వాడినే చూసింది.

మంగ్లీకి కాళ్లు ఆగలేదు. వేదిక దగ్గరికి పోయింది.

"అమ్మా, జర తీయుండ్రి. నా కొడుకు మీద పడ్డ చూపులన్నీ గా టోపీలనే ఉన్నయి. ఇంకో బిడ్డ తలకు పెడితే గా బిడ్డకే పోతయి."

వేదిక మీద శాస్త్రయుగం ఒక్కక్షణం ఆగింది.

"ఏమండీ, ముందు దాన్ని తీసెయ్యండి," అన్నది ఇల్లాలు.

అధికారి టోపీ వంక చూసి, తీయమని సేవకుడికి ఆజ్ఞాపించాడు. సేవకుడు ఆ గౌరవం తలారికి ఇచ్చాడు. తలారి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. దొరవారికి కోదాడలో మరో సభ ఉన్నట్టు గుర్తొచ్చి జీపు ఎక్కారు. చివరికి మంగ్లీయే మెట్లెక్కి టోపీ తీసి తన కొడుకుకు పెట్టుకున్నది. దీనికి విరుగుడు ఏమైనా ఉందా అని అధికారి గొంతు తగ్గించి అడిగాడు. నమ్మి కాదు, ఊరికే తెలుసుకుందామని.

ఉప్పూ ఎండుమిరపకాయలూ వచ్చాయి. మంగ్లీ ముందు చంటివాడికి దిగదీసింది. తర్వాత తల్లికి, తర్వాత అధికారికి. వాళ్ల వెనక సంఘ సభ్యులు వరుస కట్టారు. జీపు దిగివచ్చిన దొరవారు అధ్యక్ష హోదాలో ముందుకు జరిగారు.

"నిరుటి నుంచి నా మీద మస్తు చూపులున్నయే మంగ్లీ. జర మంచిగ తియ్యి."

మంగ్లీ ఆయనను కిందికీ మీదికీ చూసింది.

"గన్ని మిరపకాయలు సంతల లేవు, దొరా."

సంత వల్ల ప్రజల్లో మూఢనమ్మకాలు నశించాయని సంఘం పైకి రాసి పంపింది. మంగ్లీ అమ్ముడుపోని సంచితో తండాకు చేరింది. టోపీ దక్కింది గానీ ఆమె మనసు నిలవలేదు. సంతంతా కళ్లప్పగించి చూసిన ఆ పరాయి బిడ్డకు ఒక్కసారి తీసిన దిష్టి సరిపోయిందో లేదో. మొగుడు ఫకీరాను అడిగితే, పెద్దోళ్ల బిడ్డలకు ఏం కాదు పోవే అన్నాడు. ఆ మాట చెప్పినవాడు మగవాడు.

అధికారిని ఇప్పుడు మిర్యాలగూడకు మార్చారట. మీలో ఎవరైనా అటు వెళ్తే, ఆ చంటివాడు పాలు తాగుతున్నాడా, నవ్వుతున్నాడా, జర చూసి తండాకు కబురు చెప్పండి. మరీ ఎక్కువసేపు చూడకండి. మీరు చదువుకున్నవారు, ఇలాంటివి నమ్మరని మంగ్లీకి తెలుసు. మీ ఇంట్లో ఎండుమిరపకాయల డబ్బా ఎక్కడుంటుందో మీకూ తెలుసు.