పద్దెనిమిది తలల లెక్క

శనివారం పొద్దున్నే స్టెల్లా తమ్ముడి సంచీ సర్దుతోంది. ఉన్ని మేజోళ్ళు మూడు జతలు, మోకాళ్ళకు రాసుకునే మందు, ఉడకబెట్టిన గుడ్లు, వాటిమీద మళ్ళీ మేజోళ్ళు. ఆ తమ్ముడు, యాభై ఎనిమిదేళ్ళ మెట్రో, మెట్లమీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. భార్య పోయిన పదకొండేళ్ళ నుంచీ అతను అక్క ఇంటి కింద గదిలోనే ఉంటున్నాడు.

"అక్కా, నేను వెళ్ళేది హాకీ ఆడటానికి. ధ్రువానికి కాదు."

"దారిలో బస్సు ఆగిపోతేనో? కిందటేడు పాల వ్యాను డ్రైవరు గతేమైంది?"

"రెండు కాలివేళ్ళు పోయాయి. తక్కిన ఎనిమిదీ ఉన్నాయిగా!"

స్టెల్లా భర్త ఆర్విల్‌కు రెజీనా పట్నంలో బండ్ల సైలెన్సర్ల షాపు ఉంది. ఉందంటే, ఆ మార్చి దాకా ఉంటుందని బ్యాంకు చెప్పింది. ఊళ్ళ మధ్య బస్సులు తిప్పే కాస్పర్ అనే పెద్దమనిషికి మంచుగడ్డ మీద ఆడే హాకీ అంటే పిచ్చి. షాపుల టీముల మధ్య జరిగే హాకీ కప్పు ఎవరు గెలిస్తే తన పన్నెండు బస్సుల మరమ్మతు వాళ్ళకేనని ఆయన మాటిచ్చాడు. ఫైనల్ పడమటి ఊరైన స్విఫ్ట్ కరెంట్‌లో, అక్కడి గారేజీ టీముతో. గెలిస్తే షాపు నిలుస్తుంది, ఓడితే తాళం. ఆర్విల్ టీముకున్న ఒకే ఒక్క గోల్ కీపర్ మెట్రో.

ఆ రోజు మైనస్ ముప్ఫై ఎనిమిది. అంత చలిలో ఇంజను ఆపితే మళ్ళీ వసంతంలోనే కదులుతుంది. అందుకని కాస్పర్ బస్సులు రెండు స్టాండులో పక్కపక్కనే గుర్రుమంటూ నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు లోపల కాఫీ తాగుతున్నారు. అద్దాలు తెల్లగా గడ్డకట్టాయి. ఒకటి స్విఫ్ట్ కరెంట్‌కు; రెండోది చలి పడని ముసలివాళ్ళను ఐదు వారాలపాటు పడమటి సముద్రం ఒడ్డుకు తీసుకుపోయేది. ఆ చలిలో రెజీనా మనుషులెవరూ నిలబడి బోర్డులు చదవరు. ముక్కుదాకా మఫ్లర్ చుట్టుకుని, దగ్గరున్న తలుపులో దూరతారు. మెట్రో అలాగే దూరాడు. వెచ్చగా ఉంది, నిద్రపోయాడు.

ఆర్విల్ ఆట సామానంతా తన బస్సు కడుపులో వేయించి, పైకెక్కి తలలు లెక్కపెట్టాడు. పద్దెనిమిది. మళ్ళీ లెక్కపెట్టాడు. పద్దెనిమిదే. "పోనీ!" అన్నాడు. వెనక సీట్లో దుప్పటి కప్పుకున్న ఆకారం గురక పెడుతోంది. ఆటకు ముందు మెట్రో ఎప్పుడూ గురక పెడతాడు కనుక ఎవరికీ అనుమానం రాలేదు.

స్విఫ్ట్ కరెంట్‌లో దుప్పటి లాగితే లోపల అరవై ఏడేళ్ళ హుల్డా పెన్నర్ ఉంది.

"సముద్రం వచ్చేసిందా నాయనా?"

ఒంటిగంటకు ఆట జరిగే మంచు రింకు ఆఫీసులో ఫోను మోగితే ఆర్విల్ తీశాడు.

"బావా, నేనే."

"ఎక్కడ చచ్చావురా?"

"మెడిసిన్ హ్యాట్ ఊళ్ళో, మిమ్మల్ని దాటి పడమరకు. సూప్ తాగుతున్నాను."

"వెంటనే వెనక్కి రా!"

"వెనక రోడ్డు మంచు తుఫానుకు మూసేశారు బావా. ముందు రోడ్డు మాత్రం తెరిచే ఉంది. ఇక్కడివాళ్ళు చాలా మంచివాళ్ళు. పేకాటకు ఒక చెయ్యి తక్కువైందట."

ఆ చెయ్యి ఆర్విల్ ఎదురుగానే కూర్చుని టీ తాగుతోంది. ఆడేవాళ్ళంతా షాపు ఉద్యోగులై ఉండాలని కప్పు నిబంధన. వయసు గురించి గానీ, ఆడా మగా అని గానీ అందులో ఒక్క ముక్క లేదు.

"పెద్దమ్మా, నా షాపులో ఉద్యోగం చేస్తారా?"

"ఎప్పట్నుంచి?"

"రెండు గంటల నుంచి. గోల్లో నిలబడాలి."

"ఐదుగురు అన్నల తర్వాత పుట్టినదాన్ని. చెరువు గడ్డకట్టిన ప్రతిసారీ గోల్లో నన్నే నిలబెట్టేవాళ్ళు," అంది హుల్డా. "ఉద్యోగం అనడం మాత్రం ఇదే మొదలు."

మెట్రో కవచాల్లో ఆమె పరుపుల బీరువాలా ఉంది. గారేజీ టీములో మొనగాడు డార్సీ పక్ అనే రబ్బరు బిళ్ళతో దూసుకొచ్చి, కర్ర ఎత్తి, ఆమె కళ్ళజోడు చూసి ఆగిపోయాడు.

"ఒరే డార్సీ!" గ్యాలరీలోంచి వాడి తల్లి అరిచింది. "అది ఆవిడకు తగిలిందో, ఇంటి గడప తొక్కొద్దు!"

"క్షమించండి," అన్నాడు డార్సీ హుల్డాతో.

"కొట్టు నాయనా, నా కాళ్ళు గడ్డకడుతున్నాయి!"

వాడు కొట్టలేదు. పక్కవాడికిచ్చాడు. ఆ పక్కవాడి తల్లి కూడా వచ్చే ఉంది. గంటసేపు గారేజీవాళ్ళు పక్‌ను ఒకరికొకరు మర్యాదగా అందించుకున్నారు. ఈలోగా ఆర్విల్ మనిషెవరో జారిపడితే పక్ వెళ్ళి అవతలి గోల్లో పడింది. ఒకటి–సున్నా.

షాపు నిలిచింది. పన్నెండు బస్సుల పనీ వచ్చింది. హుల్డాకు ఉద్యోగం నచ్చి కౌంటర్లో కుదురుకుంది; ఉండటానికి కింద గది ఎలాగూ ఖాళీ. తమ్ముడి కబురు విన్నప్పుడు స్టెల్లా ఒకటే అడిగింది: "మేజోళ్ళు తొడుక్కున్నాడా?"

సముద్రం బస్సు తిరిగొచ్చే రోజున ఆమె పొద్దుటి నుంచీ స్టాండులోనే ఉంది. అక్కడ ఫిబ్రవరిలోనే పూలు పూస్తాయని డ్రైవరు చెప్పాడు. వెళ్ళేటప్పుడు తలలు లెక్కపెట్టాడట, వచ్చేటప్పుడు అందరూ తొందరపెడితే లెక్కపెట్టలేదట.

1979 మార్చి పదిహేడున ఆ బస్సులోంచి ముప్ఫై మంది దిగారు. మెట్రో దిగలేదు, ఆ తర్వాతా ఆ పూల ఒడ్డు వదిలి రాలేదు.