అన్నానికి అరగంట ముందు

జామాయ్ షష్ఠి నాటి పొద్దున పల్లబ్ హాజ్రా వేసుకున్న పథకం చాలా చిన్నది. హౌరాలో లోకల్ రైలెక్కి చందన్‌నగర్‌లో దిగడం, అత్తగారి కాళ్లకు దండం పెట్టి చీర ఇవ్వడం, భోజనానికి అరగంట ముందు ఒక మాత్ర వేసుకోవడం, పాయసం దాకా వడ్డించినవన్నీ తినడం, మధ్యలో లేవకపోవడం. ఈ చివరి పని కోసమే మిగతావన్నీ.

పోయిన ఏడాది ఇదే అల్లుళ్ల పండగకు అతను ఆవ పెట్టిన పులసను సగంలో వదిలేసి, పీట మీంచి లేచి పరుగెత్తాడు. తలుపు వేసుకున్నవాడు ఎంతకీ బయటకు రాలేదు. వచ్చేసరికి అత్తగారు అణిమాదేవి ముఖం ముడుచుకుని కూర్చుంది. అప్పటినుంచి ఆవిడ సొంత కూతురు, పల్లబ్ భార్య కాకలితో ఫోన్లో ‘ఊ’, ‘ఆ’ తప్ప మాట్లాడలేదు. ఫోన్ పెట్టేశాక కాకలి వంటింట్లోకి వెళ్లి ముక్కు చీదుకునేది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా పల్లబ్ తన పొట్టను తానే తిట్టుకునేవాడు.

అసలు సంగతి చెప్పేస్తే పోయేదే. కానీ పల్లబ్ బడిలో డ్రిల్లు మాస్టారు. “మా అల్లుడు రాళ్లు తిన్నా అరాయించుకుంటాడు” అని అణిమాదేవి పెళ్లినాడే వీధంతా చాటింది. అలాంటి మనిషి తనకు ఐ.బి.ఎస్. ఉందని, కంగారు పడితే చాలు పేగులు మెలిపెడతాయని ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు? అందుకే కాకలి చేత ఒట్టు వేయించుకున్నాడు.

డాక్టరు మాత్రం స్పష్టంగానే చెప్పాడు. “అన్నానికి అరగంట ముందు ఒకటి. రోజుకి మూడు దాటకూడదు. ఒకటి తప్పిపోతే దానికి బదులు ఇంకోటి కలిపి వేసుకోవద్దు. అనుమానమొస్తే నాకు ఫోన్ చెయ్యి, నీ తెలివి వాడకు.” పల్లబ్ బుద్ధిగా తలూపాడు. తలూపడంలో ఆ డ్రిల్లు మాస్టారికి ఎవరూ సాటి రారు.

చందన్‌నగర్‌లో కాకలితో కలిసి ఇల్లు చేరేసరికి ఎండ నెత్తిన మాడ్చేస్తోంది. మామగారు నిఖిలేశ్ ఎదురొచ్చారు. ఆయన అక్క లాబణ్య, ఇంట్లో అందరికీ పిసిమా, అంటే మేనత్త, వరండాలో పడక్కుర్చీలో ఉంది. పెళ్లి చేసుకోకుండా పుట్టింట్లోనే ఉండిపోయిన ఆవిడకీ అణిమాదేవికీ ఏళ్లుగా పడదు. ఒకే వంటింట్లో ఉప్పు కావాలన్నా ఇద్దరూ నిఖిలేశ్ చేతే అడిగిస్తారు.

“అమ్మ ఏరీ?” అన్నాడు పల్లబ్, చీర పొట్లం పట్టుకుని.

“పూజలో ఉంది నాయనా. కూర్చో. అరగంటలో భోజనం” అన్నారు మామగారు.

అరగంట. పల్లబ్ మంచినీళ్ల గ్లాసుతో పెరట్లోకి వెళ్లి మాత్ర వేసుకున్నాడు. అరగంట గడిచింది. కాకలి వచ్చి, పులస ఇంకా బజారు నుంచి రాలేదని, మరో అరగంట పడుతుందని చెప్పి వెళ్లిపోయింది.

పల్లబ్ గుండెలో రాయి పడింది. వేసుకున్న మాత్ర వృథా అయిపోయిందనుకున్నాడు. ఈల ఊది అడుగు వేయించే మనిషికి ఆజ్ఞ అంటే ఆజ్ఞే. మళ్లీ పెరట్లోకి వెళ్లి రెండోది వేసుకున్నాడు. తర్వాత, ఆవాలు నూరడం కాలేదన్నారు. ఇంకో మాత్ర. ఆ తర్వాత, పాయసానికి తెచ్చిన పాలు విరిగాయన్నారు. రోజుకు మూడన్న మాట గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగాడు. కానీ వృథా అయినవి లెక్కలోకి రావని తనకు తానే సర్దిచెప్పుకుని నాలుగోదీ మింగాడు. డాక్టరుకు ఫోన్ చేయాలని తోచకపోలేదు. ఫోన్లో మాట్లాడితే ఎవరైనా వింటారని భయం.

కాసేపటికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అంత ఎండలోనూ చెమట పట్టడం లేదు. ముఖం ఎర్రగా కందిపోయింది, గుండె దడదడలాడింది. గోడ మీది క్యాలెండరు మసకబారి, తారీఖులన్నీ కలిసి ఒకే మరకలా కనిపించాయి. ఇంత జాగ్రత్తగా మందు వాడుతున్నా ఇలా ఎందుకవుతోందో ఆ అమాయకుడికి అర్థం కాలేదు.

అప్పుడే వరండాలో ఎవరో తాటాకు విసనకర్ర ఊపుతూ కనిపించారు. షష్ఠినాడు అల్లుడికి విసిరేది అత్తగారే. పల్లబ్ ఊగుతూ వెళ్లి ఆ పాదాల మీద పడ్డాడు. చీర పొట్లం విప్పి ఒళ్లో పెట్టాడు. ‘అమ్మా’ అందామనుకుంటే ఎండిన నోట్లోంచి “అంబా” అని వచ్చింది.

విసనకర్ర ఆగింది. “ఇన్నేళ్లకి ఈ ఇంట్లో నా విలువ తెలిసినవాడొకడు వచ్చాడు” అంది పిసిమా, పట్టుచీర అంచు నిమురుకుంటూ. ఉక్కపోతకు తాళలేక విసురుకుంటోంది పాపం, అంతే. లోపల గుమ్మంలో, అల్లుడి చేతికి కట్టే పసుపు దారం, పళ్ల చేట పట్టుకుని, నిజమైన అత్తగారు నిలువునా కొయ్యబారిపోయింది.

“అమ్మకి తెచ్చింది పిసిమాకి ఇచ్చావేంటి పల్లబ్?” అని కాకలి కీచుగా అరిచింది.

“వాడి కళ్లు చూడవే. మాట చూడు, నడక చూడు” అంది పిసిమా, కానుక పుచ్చుకున్న కృతజ్ఞత ఒక్క నిమిషం కూడా నిలుపుకోకుండా. “పట్టపగలు తాగొచ్చాడు!”

“తాగలేదు” అన్నాడు పల్లబ్. అది కూడా ముద్దముద్దగానే వచ్చింది. పక్కింటి కిటికీ రెక్కలు రెండూ తెరుచుకున్నాయి. మామగారు మత్తు దిగేందుకు చింతపండు రసం కలపడానికి లోపలికి పరుగెత్తారు. అణిమాదేవి చేట కింద పెట్టి గోడకు ఆనుకుంది. “పోయినేడు అలా, ఈ ఏడు ఇలా. నా వంట తినాలంటే తాగి రావాలా నాయనా?” అంది. ఆ గొంతు విని పల్లబ్ ప్రాణం చచ్చిపోయింది.

ఎలాగైనా తిని నిరూపించుకోవాలని పీట మీద కూలబడ్డాడు. పప్పు గిన్నె అనుకుని మంచినీళ్ల గ్లాసులో చెయ్యి పెట్టాడు. పులసలో ముల్లేదో ముక్కేదో కనిపించలేదు. దొరికిన ముద్ద నోట్లో పెట్టుకుంటే మింగడానికి లాలాజలం లేక అక్కడే ఉండిపోయింది. కాకలి వెక్కిళ్లు వినిపించాయి. ఏడాదిగా తను మాన్పించాలనుకున్న ఏడుపే అది. తనూ ఏడుద్దామనుకున్నాడు. కళ్లు కూడా ఎండిపోయాయి, ఒక్క చుక్క రాలేదు.

“నేను రోగిష్టివాణ్ణి అమ్మా” అన్నాడు చివరికి, ముద్ద ఊసేసి. “తాగుబోతును కాదు. కడుపు జబ్బు. మాత్రలు వేసుకున్నా.”

కాకలి అతని జేబులోంచి మాత్రల అట్ట లాగింది. నాలుగు గూళ్లు ఖాళీ. ముఖం పాలిపోయి డాక్టరుకు ఫోన్ చేసి, తండ్రి కలిపిన చింతపండు రసంతో సహా అంతా చెప్పింది. అటునుంచి కేక అందరికీ వినిపించింది. “రెండు గంటల్లో నాలుగా? చింతపండూ వద్దు, సొంత వైద్యమూ వద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ అట్ట కూడా పట్టుకెళ్లండి.”

వీధి మొత్తం చూస్తుండగా బ్యాటరీ రిక్షాలో ఎక్కించారు. అణిమాదేవి పిలవకుండానే ఎక్కి అతని పక్కన కూర్చుంది. ఆసుపత్రిలో గుండెకు తీగలు తగిలించి, చేతికి సెలైన్ పెట్టి, సాయంత్రం దాకా కదలొద్దన్నారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ అట్ట అటూ ఇటూ తిప్పి, “ఎందుకిన్ని మింగారు?” అని అడిగింది.

“భోజనం అరగంటలో అన్నప్పుడల్లా ఒకటి వేసుకున్నా. భోజనమే రాలేదు.”

అణిమాదేవి మెల్లగా చెయ్యి చాచి ఆ అట్ట తీసుకుంది. వెనక్కి తిప్పి మందు పేరు చదివింది. తర్వాత తన చేతిసంచీ తెరిచి అలాంటి అట్టే ఇంకొకటి బయటకు తీసింది. అందులోంచి ఆవిడ ఆ రోజు ఒక్క మాత్రా తీసుకోలేదు.

“నాకూ ఇదే జబ్బు” అంది, నేల చూపులు చూస్తూ. “ఇవాళ షష్ఠి ఉపవాసం. అన్నానికి ముందు వేసుకోమన్నారు. అన్నమే తిననప్పుడు మాత్రెందుకని మానేశా. పొద్దున్నుంచీ వంటింటికీ బాత్‌రూమ్‌కీ తిరగడంతోనే సరిపోయింది. పులస తెల్లారే వచ్చింది నాయనా. పాలూ విరగలేదు. నేను లేచి వెళ్లినప్పుడల్లా ఏదో ఒక వంక చెప్పి పంపా.”

పల్లబ్ కళ్లు మూసుకున్నాడు. ఆవిడ వెళ్లిన ప్రతిసారికీ ఇక్కడ తను ఒకటి మింగాడన్నమాట.

“మరి పోయినేడు?” అంది కాకలి.

“ఆ రోజు మీ ఆయన నాకంటే ముందు లేచాడు. ఆయన లోపల, నేను బయట. ఎంతకీ రాడే! కొత్త చీర కట్టుకుని, అంతమంది చుట్టాల ముందు, పక్కింటి తలుపు కొట్టాల్సొచ్చింది. ఆ సిగ్గు నీతో ఎలా చెప్పనే? చెప్పలేక అలిగాను.”

కాకలి తల్లి భుజం మీద వాలిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో పల్లబ్ మసక కళ్లకు తెలియలేదు.

డాక్టరమ్మ ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టింది. “భోజనం ఆలస్యమైతే ఇంకో మాత్ర మింగమని కాదు. ఉపవాసముంటే మందు ఏం చేయాలో ముందే మీ డాక్టర్ని అడగాలి. ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ! అడగడానికి అంత నామోషీ అయితే ఎలా?” అత్తా అల్లుడూ ఒకేలా తలూపారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పక్కింటావిడ గేటు దగ్గరే కాచుకుని ఉంది. “అల్లుడికి ఏమైంది వదినా?” అంది. అణిమాదేవి అల్లుడి వైపు చూసింది. అల్లుడి జబ్బు పేరు చెబితే ఆ వీధి తన జబ్బు కూడా కూపీ లాగుతుంది.

“ఏం లేదమ్మా. కుర్రాడు కదా, కాస్త తాగాడు” అంది.

పల్లబ్‌కు నోట మాట రాలేదు. ఈసారి మందు వల్ల కాదు. ఊళ్లో ఆరోగ్యవంతుడన్న పేరు నిలిచింది, మంచివాడన్న పేరు పోయింది. లోపల అతనికీ, ఉపవాసం విడిచిన అత్తగారికీ మెత్తటి అన్నం, అరటికాయ పులుసు వడ్డించారు. పులస ముక్కలన్నీ కొత్త పట్టుచీర కట్టుకున్న పిసిమా ముందున్నాయి. తింటూ తల్లీ, వడ్డిస్తూ కూతురూ ఆపకుండా మాట్లాడుకుంటున్నారు. ఏడాది నుంచి అతను ఆశపడ్డది ఆ చప్పుడే. అది వింటూ తాగుబోతు అల్లుడు తల వంచుకుని అన్నం తిన్నాడు.

సగం తిన్నాక తలెత్తి చూశాడు. సరిగ్గా అప్పుడే ఎదుటి పీట మీది అత్తగారూ తలెత్తింది. ఆ ఇంట్లో బాత్‌రూమ్ ఇంకా ఒక్కటే.