వేట తుపాకీకి సైలెన్సర్ కావలెను

ఈ దేశంలో మోత పెంచడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తగ్గించడానికే కావాలి. ఈ పరమ సత్యం మల్లికార్జునరావుకు అరవై దాటాక, మొక్కజొన్న కంకులు పాలు పోసుకునే రోజుల్లో తెలిసింది.

మాచర్ల అవతల అడవి అంచున ఆయనకొక చేను, చేనుకు అడవి పందులు, పందుల కోసం ఒక తుపాకీ ఉన్నాయి. తాతగారి కాలంలో అది వేట తుపాకీ. వేట నిషేధించాక కాగితాల మీద పంట రక్షణ తుపాకీ అయింది. (ఆ సంగతి తుపాకీకి ఎవరూ చెప్పలేదు.) ముప్పై ఏళ్ళుగా పేలుస్తున్నా ఇంతవరకూ ఒక్క పందికీ గీత కూడా పడలేదు. లైసెన్సు ఇచ్చింది బెదిరించడానికే గానీ చంపడానికి కాదు కాబట్టి, గురి తప్పిన ప్రతిసారీ ఆయన చట్టాన్ని గౌరవించినట్టు లెక్క వేసుకున్నాడు.

గొడవంతా మోతతో వచ్చింది. ఆ ఊళ్ళో పై వీధి, కింద వీధి అని రెండు వర్గాలున్నాయి, ఈ ఏడాదే వాటి మధ్య పగ ముదిరింది. వేరే జిల్లాల్లో పొద్దుగూకే వేళ ఢాం అని వినపడితే పెళ్ళి ఊరేగింపు అనుకుంటారు. ఇక్కడ అవతలి వీధి వాళ్ళు బాంబు వేశారనుకుంటారు. ఆ సాయంత్రం మల్లికార్జునరావు గాల్లోకి ఒక్కటి పేల్చి, పందులు పారిపోయాయన్న తృప్తితో చుట్ట ముట్టించేలోపు ఊళ్ళో కొట్లు మూతపడ్డాయి. రెండు వీధుల మొదట్లో కర్రలతో జనం నిలబడ్డారు. రెండు వైపుల నుంచీ ఒకే ఎస్సైకి ఫోన్లు వెళ్ళాయి.

ఎస్సై త్రికోటేశ్వరరావు జీపులో వచ్చి విచారిస్తే, ఎవరూ ఎవరినీ ఏమీ చేయలేదని తేలింది. రెండు వర్గాలూ కొంత నిరుత్సాహపడ్డాయి.

“తుపాకీ ఉంచుకో పెద్దాయనా. మోత మాత్రం రాకూడదు,” అన్నాడు ఎస్సై. “నీ రెన్యువల్‌కి రిపోర్టు రాయాల్సింది నేనే.”

“మోత లేకుండా ఎట్టా పేలుద్ది సార్?”

“అది నీ టెక్నికల్ ప్రాబ్లం.”

ఒక పక్క లైసెన్సు, ఇంకో పక్క పందులు. కంకి ముదిరేలోపు ఏదో ఒకటి తేలకపోతే చేను చేనంతా పోతుంది. అలా మల్లికార్జునరావు సైలెన్సర్ వేటకు బయల్దేరాడు. (పందుల వేటలో లేని పట్టుదల ఇందులో చూపించాడని ఆయనే ఒప్పుకుంటాడు.)

గుంటూరులో తుపాకుల షాపు యజమాని ఆ మాట వినగానే షట్టరు సగం దించాడు. రహస్యంగా ఏదో చూపిస్తాడని మల్లికార్జునరావు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అలాంటిది ఇంట్లో ఉంటే తుపాకీతో పాటు మనిషినీ తీసుకుపోతారని యజమాని గొంతు తగ్గించి చెప్పి, మిగిలిన సగం షట్టరు కింద నుంచి బయటికి దారి చూపించాడు.

పిడుగురాళ్ళలో చాంద్ బాషా అని, బుల్లెట్ బళ్ళకు సైలెన్సర్లు బిగించడంలో పేరున్న మెకానిక్ ఉన్నాడు. గ్రైండింగ్ మిషను రొదలో అరుస్తూ సరుకు చూపించాడు. ఒకటి బిగిస్తే దాచేపల్లిలో వినపడుతుంది, ఇంకొకటి బిగిస్తే చంటిపిల్లలు నిద్ర లేస్తారు. తనకు తగ్గించేది కావాలన్నాడు మల్లికార్జునరావు. చాంద్ బాషా మిషను ఆపేశాడు.

“ఇన్నేళ్ళలో తగ్గించమని అడిగినోడు లేడు బాబాయ్. ఏం బండి?”

తుపాకీ అని చెప్పాడు మల్లికార్జునరావు. చాంద్ బాషా మళ్ళీ మిషను ఆన్ చేశాడు. ఆ రొదలో తనకేమీ వినపడలేదని రేపు ఎవరడిగినా చెప్పుకోవచ్చు.

ఇక మిగిలింది నరసరావుపేటలోని జిల్లా ధ్వని సమన్వయ విభాగం. బయట ఏదో ఊరేగింపు డీజే మోగుతుంటే అధికారిణి అపర్ణ కిటికీ మూసి, ఆయన గోడు ఓపిగ్గా విన్నారు. సైలెన్సర్ ఇచ్చే అధికారం ఎవరికీ లేదు గానీ, నిశ్శబ్ద ధ్రువపత్రానికి యాప్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చట. యాప్ మోతను నాలుగు రకాలు చేసింది: బండి, మైకు, డీజే, ఇతరములు. మల్లికార్జునరావు ఇతరములలో చేరాడు. అప్పుడది మోత నమూనా అడిగింది.

“ఎంత మోతో వినకుండా ఎంత తగ్గించాలో ఎట్లా చెప్తామండీ?” అన్నారు అపర్ణ. అందులో తప్పు పట్టడానికి ఆయనకేమీ దొరకలేదు.

అంటే మళ్ళీ పేల్చాలి. ఈసారి ముందే ఊరికి చెప్పి పేల్చాలని నిర్ణయించుకుని, తన తెలివికి తనే ముచ్చటపడ్డాడు. పై వీధి పెద్ద శివనాగరాజుకు చెప్పాడు. అక్కణ్ణుంచి కింద వీధి పెద్ద అంజయ్య దగ్గరికి వెళ్ళాడు.

“ముందు వాళ్ళకి చెప్పొచ్చావా బాబాయ్?” అన్నాడు అంజయ్య.

“చేలోంచి వస్తుంటే వాళ్ళిల్లే ముందొచ్చుద్ది గదరా.”

“దారి మాకూ తెలుసులే.”

ఆ సాయంత్రం తుపాకీ మోత ఫోన్లో శుభ్రంగా రికార్డయింది. అప్పటికే ఎవరికి ముందు చెప్పాడన్న విషయం మీద రెండు వీధుల మొదట్లో కర్రలు లేచాయి. ఎస్సై మళ్ళీ వచ్చాడు. ఈసారి తుపాకీ పట్టుకెళ్ళి స్టేషను బీరువాలో పెట్టాడు.

“సైలెన్సర్ కోసం తిరుగుతున్నావంట గదా,” అన్నాడు తాళం వేస్తూ. “దీన్ని మించింది లేదు.”

పందులకు ఈ పరిణామాలు ఎలా తెలిశాయో గానీ, ఆ వెంటనే చేలో తూర్పు వైపు కంకులు నేలపాలయ్యాయి. మల్లికార్జునరావు గట్టు మీద కూలబడ్డాడు. భార్య వీరరాఘవమ్మ వచ్చి పక్కన నిలబడింది.

“ఏందయ్యా అట్టా కూర్చున్నావు? ఇన్నాళ్ళూ ఆ పందులు భయపడింది నీ గురికా, మోతకా?”

గౌరవంగా ఉండే జవాబు కోసం ఆయన కొంచెంసేపు వెతుక్కున్నాడు. “మోతకే.”

“మోత ఫోన్లో ఉందిగా.”

కూరగాయల బండి వాళ్ళు వాడే మైకు పెట్టె ఒకటి కొనుక్కొచ్చి, దానికి ఫోను తగిలించి పెడితే పందులు వెనక్కి చూడకుండా అడవి పట్టాయి. ముప్పై ఏళ్ళ తన వేట అనుభవం ఒక ఆడియో ఫైలులో ఇమిడిపోయిందనీ, అందులో తన పాత్ర బొత్తిగా లేదనీ మల్లికార్జునరావు గ్రహించాడు. తుపాకీ బీరువాలో ఉన్నందున మోత సున్నా అని యాప్ ధ్రువపత్రం పంపింది. మైకుకు లైసెన్సు అడిగినవాళ్ళు లేరు. ఊరు కూడా అలవాటు పడింది. ఢాం అంటే “మల్లన్న మైకులే” అని కొట్లు తెరిచే ఉంచుతున్నారు.

ఒక సాయంత్రం వాగు వైపు ఢాం అంది. మైకు అప్పుడు ఇంట్లో ఛార్జింగ్‌లో ఉంది. ఊళ్ళో ఎవరూ తల ఎత్తలేదు, ఎస్సై ఫోను మోగలేదు. మర్నాడు కింద వీధి చివర, వాగు పక్కన ఒక గోడ పేలుడు మసితో సగం నల్లబడి కనపడింది.

ఆ పొద్దున్నే శివనాగరాజు వచ్చి, కాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడిగి, కాఫీ తాగి, లేవబోతూ ఆగాడు.

“రేపు మైకు ఎన్నింటికి పెడతావు పెదనాన్నా?”

అతను వెళ్ళాక పెరటి వైపు నుంచి అంజయ్య వచ్చాడు. అతనూ కాళ్ళ నొప్పులే అడిగాడు, ఆ తర్వాత అదే ప్రశ్న అడిగాడు.

జీవితంలో మొదటిసారి రెండు వీధులూ తన మాట కోసం గుమ్మంలోకి వచ్చినందుకు మల్లికార్జునరావు పొంగిపోయాడు. ఈసారి ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ చేశాడన్న మాట రాకుండా, ఇద్దరికీ ఒకే టైము చెప్పాడు.