తోకలు మొలిచిన చుక్కలు

శనివారం పొద్దు గుంకేలోగా కోడుమూరు పెళ్ళికూతురి చీర మగ్గం మీంచి దించాలి. 1956లో ఆ బుధవారం ఉదయం ఎమ్మిగనూరు నేతగత్తె హులిగెమ్మ అనుకున్నది ఇంతే. చీర అందకపోతే పెళ్ళివాళ్ళు ఆదోనికి పోయి మిల్లుచీర కొంటారు, మళ్ళీ ఈమె గడప తొక్కరు. ఇంకా రెండు గజాలు నేయాలి.

సరిగ్గా అప్పుడే పక్కింటి సైన్సు అయ్యవారు వెంకోబారావు ఒక ఫోటో పట్టుకుని వచ్చారు. సొంతంగా దూరదర్శిని చేసుకున్న మనిషి. బడి ప్రదర్శన కోసం దాంతో చుక్కల్ని ఫోటో తీస్తే, చుక్కలకు తోకలు మొలిచాయి.

"నీ మగ్గం దెబ్బకు గోడలు అదిరి చుక్కలకు తోకలొస్తున్నాయి హులిగెమ్మా. సాయంత్రం పూట కాస్త ఆపాలమ్మా."

ఈ మాట వీధిపెద్ద లక్ష్మప్ప చెవిన పడింది. ఫోటో చూడగానే ఆయన గగ్గోలు పెట్టాడు.

"అప్పప్పా, ఇన్ని తోకసుక్కలా! ఒకటి లేస్తేనే ఊరికి అరిష్టం. పొద్దు గుంకినాక మగ్గాలన్నీ బంద్!"

మగ్గాలు ఆగాయి గానీ తోకలు పోలేదు. గురువారం ఎద్దుబండ్లు ఆపించారు. అయినా పోలేదు. ఆఖరికి అయ్యవారు సొంత ఇంటి రుబ్బురోలు మీద పడ్డారు. భార్య కృష్ణాబాయి చట్నీ మానేసి మూతి ముడుచుకుంది. శుక్రవారం తెల్లారగానే లక్ష్మప్ప అయ్యవారిని వెంటబెట్టుకుని వచ్చి, పగలు కూడా మగ్గం ముట్టొద్దన్నాడు.

హులిగెమ్మకు ఒళ్ళు మండింది.

"నేను ఆపను. ఏం సేసుకుంటావో సేసుకో మామా! యాడుందా ఫోటో?" అని అయ్యవారి చేతిలోంచి లాక్కుంది. "అయ్యోరా, ఎడమపక్క సుక్కలు గుండ్రంగానే ఉండాయి. తోకలు కుడిపక్కనే. నా మగ్గం అదిరితే అన్నిటికీ రావాల గదా? మా బట్టలో ఒక అంచే వదులైతే, బట్ట సుట్టే కొయ్య వంకరున్నట్టు. మీ యంత్రంలోనే ఏదో వంకరుంది."

"ఇది శాస్త్రం, మగ్గం కాదు!"

"వంకర యాడున్నా వంకరే!"

దారం తీసుకుని అయ్యవారింటికి నడిచి, దూరదర్శినికి కెమెరా బిగించిన చిన్న గొట్టం అంచు నుంచి పెద్ద గొట్టం అంచుదాకా రెండు పక్కలా కొలిచింది. జొన్నగింజంత తేడా! అయ్యవారు దారం అందుకుని తనే మళ్ళీ కొలిచి చూశారు. వాలిన పక్క అట్టముక్క మడిచి పెట్టి, మరలు ఆయనే బిగించారు.

"ఈ పొద్దు సీకటి పడినాక నేస్తా. తోకలొస్తే నా మగ్గం కొయ్యలు నీ పొయ్యిలో పెట్టుకో!" అని లక్ష్మప్ప మొహం మీదే అనేసింది హులిగెమ్మ.

ఆ రాత్రి అయ్యవారు ఫోటో తీస్తున్నంతసేపూ ఆమె మగ్గం వీధంతా వినేలా మోగింది. శనివారం పొద్దున అయ్యవారు కడిగిన ఫోటోలో ఒక్క తోక లేదు. చీర కోడుమూరు బస్సెక్కింది. "నేను ముందే అనుకున్నా" అన్నాడు లక్ష్మప్ప.

అయ్యవారు సంబరంగా ఇంటికొచ్చి పీట వాల్చుకున్నారు.

"ఇక చట్నీ రుబ్బవచ్చే!"

"అయ్యో, వద్దండీ! చుక్కలు అదురుతాయి కదా!" అంది కృష్ణాబాయి.

ప్రదర్శన అయ్యేదాకా అయ్యవారు మజ్జిగన్నమే తిన్నారు.