బాగున్నానని చెప్పని గోవిందప్ప

ఆ రోజు ఉదయం గోవిందప్ప చేయవలసిన పని ఒక్కటే: బీమా కంపెనీ నుంచి ఫోను చేసి అడిగే డాక్టరమ్మకు తాను ఆరోగ్యంగా ఉన్నానని చెప్పడం. నూలు మిల్లు ఉద్యోగం నుంచి యాభై రెండేళ్ళకే స్వచ్ఛంద విరమణ తీసుకుని పామిడికి వచ్చేశాడు. మిల్లువారి ఆరోగ్య బీమా ఈ నెలాఖరుతో ఆగిపోతుంది. ఆలోగా భార్యాభర్తలిద్దరికీ కలిపి కొత్త పాలసీ రాకపోతే, ఆ తరువాత ఏ ఆపరేషను పడినా చేను అమ్ముకోవలసిందే.

"ఉన్నదున్నట్టు చెప్పు మామా. నీకేం జబ్బు లేదు గదా," అని బీమా ఏజెంటు హరినాథ్ ముందే చెప్పాడు. అతడు గోవిందప్ప భార్య హేమావతికి మేనల్లుడు.

ఉన్నదున్నట్టు చెప్పడంలోనే ఉంది చిక్కు. బాగున్నానని ఒప్పుకున్న మనిషి మా వైపు ఇంకా పుట్టలేదు. ఒప్పుకుంటే దిష్టి తగులుతుంది. నన్నడిగినా "ఏదో ఉన్నా"ననే అంటాను. పైగా సరిగ్గా ఫోను వచ్చే వేళకు పక్కింటి సిద్దమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. ఆమె చూపు పడితే పాలిచ్చే బర్రె కూడా తంతుందని గోవిందప్పకు గట్టి నమ్మకం.

"ఎలా ఉన్నారండీ?" అంది డాక్టరమ్మ.

గోవిందప్ప సిద్దమ్మ వైపు ఓరగా చూశాడు. "ఏం బాగు తల్లీ! పైకి ఇట్లుండాను గానీ లోపలంతా డొల్ల."

"గుండె సమస్య ఏమైనా ఉందా?"

"గుండె ఉండాదో పోయిందో తెలీదు. నాలుగడుగులేస్తే ఆయాసం."

మధ్యాహ్నానికి హరినాథ్ రొప్పుతూ వచ్చాడు. "ఏం మామా, కొంప ముంచినావే! గుండె జబ్బని రాసుకున్నారు. విచారించేదానికి మనిషిని పంపిస్తాండారు."

ఆ మనిషి మరునాడే వచ్చి, ముందుగా పక్కింట్లో అడిగాడు. సిద్దమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఆయప్ప సంగతి ఏం చెప్పేదప్పా! నా చెవులతో విన్నా. నాలుగడుగులు ఎయ్యలేడంట." అంతలో గోవిందప్ప శనక్కాయల మూట భుజాన వేసుకుని విసవిసా నడిచివచ్చాడు. సిద్దమ్మ పరుగెత్తి మూట పట్టుకుంది. "సచ్చిపోతావన్నా, దించు!" వచ్చినాయన ఆ మాట కూడా రాసుకున్నాడు.

ఇక ఇద్దరూ అనంతపురంలో పరీక్షలు చేయించుకుంటే తప్ప పాలసీ కుదరదన్నారు. బస్సులో దారి పొడుగునా హేమావతి మొగుణ్ణి దులిపింది.

"నోరు తెరిచి బాగుండానంటే నీ సొమ్మేం పోతాది? నన్ను సూడు. ఎవరడిగినా గుండ్రాయి మాదిరుండానంటా. ఏ దిష్టి తగిలింది నాకు?"

"మెల్లగా అనే! బస్సంతా ఇంటాండారు," అన్నాడు గోవిందప్ప.

పరీక్షలయ్యాక డాక్టరు గోవిందప్ప కాగితాలు చూసి, హాలంతా వినబడేలా, "ఈ వయసులో ఇంత గట్టి గుండె నేను చూడలేదు!" అన్నాడు. గోవిందప్ప చప్పున టవలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. డాక్టరు రెండో కాగితం తీశాడు. "అమ్మా, మీకు షుగరుంది. ఎన్నాళ్ళ నుంచి?"

హేమావతి ఆ కాగితం మీదికి వంగింది. "నాకా? నేను బాగుండానే!"

"మళ్ళా అదే మాట! అంతమంది ముందర అనొద్దంటే ఇంటివా?" అన్నాడు గోవిందప్ప, టవలు వెనక నుంచి.

నెలాఖరు దాటకముందే ఇద్దరికీ పాలసీ వచ్చింది. హేమావతికి తగిలిన దిష్టికి కంపెనీవారు షుగరని పేరు పెట్టి, ప్రీమియం కాస్త పెంచారు.