హైలాండ్స్ నుంచి వచ్చినవాళ్ళు

శనివారం పొద్దున్న మరిడమ్మ వేసుకున్న పథకం చాలా సులువైనది. తమ ఊరు బాగన్ దాతుక్‌లో ఉన్న చుట్టాలందరినీ బస్సెక్కించి, సాయంత్రం మేనల్లుడు ఉదయ్ కచేరీకి చేర్చాలి. వాడి గిటారు వాడి చేతికివ్వాలి. పోయిన ఆదివారం వాడు పిలవడానికి వచ్చినప్పుడు, ఆర్కెస్ట్రాతో వాయించే గిటారు ముందు అమ్మవారి పాదాల దగ్గర ఉండాల్సిందేనని పట్టుబట్టి ఉంచేసుకున్నది ఆవిడే.

కచేరీ ఎక్కడో ఉదయ్ చెప్పలేదు. తన కచేరీలన్నీ తానుండే క్లాంగ్ పట్నంలోనే కనుక చెప్పాలని తోచలేదు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో స్కాట్లాండ్ కొండసీమల జానపదాలు కలిపి వాయిస్తానని ఇంగ్లీషులో గడగడా వివరించాడు. అందులో మరిడమ్మకు అందిన మాట ఒక్కటే: హైలాండ్స్. ఆ దేశంలో ఆ పేరుతో రెండు కొండ ఊళ్ళున్నాయి.

"ఏ హైలాండ్సు? గెంటింగా, కామెరనా?" అని అడిగాడు భర్త సూరిబాబు.

"గెంటింగ్‌లో జూదం ఆడతారు. మనోడు జూదంకాడ వాయిస్తాడేటి? కామెరనే లా!" అంది మరిడమ్మ, అక్కడివాళ్ళందరిలా మాట చివర "లా" తగిలించి.

"ఒకపాలి ఫోన్ సేసి అడగరాదేటి?"

"కచేరీ రోజు ఆడి బుర్ర తినకు."

బస్సు టీ తోటల మధ్య నుంచి కొండెక్కింది. పైన చలి చంపేస్తోంది. చుట్టాలంతా సంతలో స్వెట్టర్లు, ఉన్ని టోపీలు, గళ్ళ శాలువాలు కొని చుట్టుకున్నారు. స్ట్రాబెర్రీలు కూడా తిన్నారు. కచేరీ హాలు మాత్రం ఎవరినడిగినా తెలియదన్నారు. మరిడమ్మ ఫోన్ తీసింది.

"ఒరే ఉదయ్, వచ్చేసినాం. సలికి పళ్ళు కొట్టుకుంటన్నాయిరా!"

హాల్లో ఏసీ ఎక్కువైందనుకున్నాడు ఉదయ్. "తగ్గించమంటాను అత్తా. గిటార్ తెచ్చినావా?"

"నా ఒళ్ళోనే ఉంది. నువ్వెక్కడున్నావు? ఇక్కడ ఎటు సూసినా టీయే!"

"అయితే ఓ కప్పు తాగు. ఇప్పుడే వస్తన్నా."

ఉదయ్ క్యాంటీన్ వెతికాడు, కుర్చీల వరసలు వెతికాడు. ఆడవాళ్ళ టాయిలెట్ బయట నిలబడి "అత్తా!" అని కేకలు పెడుతుంటే సెక్యూరిటీ వచ్చి పక్కకు లాగాడు. అప్పుడు మళ్ళీ ఫోన్ చేశాడు. విషయం బయటపడింది.

"నేను చెప్పింది స్కాట్లాండ్ హైలాండ్స్ అత్తా!"

"స్కాట్లాండా? అక్కడికి బస్సెల్లదు కదరా!"

"కచేరీ క్లాంగ్‌లో!"

తన దగ్గరున్న ప్రాక్టీసు గిటారుతో ఎలాగో నెట్టుకొస్తానని, మీరు నింపాదిగా రమ్మని ఉదయ్ ధైర్యం చెప్పాడు. నిజానికి వాడికే ధైర్యం లేదు. రిహార్సల్లో ఆ గిటారు విన్న ఆర్కెస్ట్రా కండక్టర్ లియోంగ్, హాల్లోకి దోమ దూరిందా అని మర్యాదగా అడిగాడు.

"అమ్మవారికాడ ఎట్టిన గిటారే వాయించాల. తెస్తన్నాను," అని ఫోన్ పెట్టేసింది మరిడమ్మ. "తిబన్, బస్సు తిప్పు!"

"అమ్మా, రోడ్డంతా మలుపులే. మెల్లగా పోవాలి లా," అన్నాడు డ్రైవర్ తిబన్.

"మెల్లగానే పో. ఆపకు."

మలుపు మలుపుకీ ఎవరో ఒకరు వాంతి చేసుకున్నారు. ఆవిడ ప్లాస్టిక్ సంచులు పంచిందే తప్ప బస్సు ఆపనివ్వలేదు. హైవే మీద ట్రాఫిక్ జామ్ చూసి, ఇంటికెళ్ళిపోదామన్నాడు సూరిబాబు. "నువ్వు దిగి ఎల్లు," అంది.

క్లాంగ్ చేరేసరికి కచేరీ ముగింపుకొచ్చింది. చివరి పాటకు రావలసిన, గళ్ళ బట్టలు కట్టే స్కాటిష్ నృత్య బృందం ఎక్కడో చిక్కుకుపోయింది. వాళ్ళ కోసం గుమ్మంలో కాచుకుని ఉన్న కుర్రాడు ఈ గళ్ళ శాలువాలనీ, ఉన్ని టోపీలనీ చూసి పరుగెత్తుకొచ్చాడు.

"హైలాండ్సా?"

"ఆఁ, హైలాండ్స్ నించే తిన్నగా వస్తన్నాం!" అంది మరిడమ్మ.

వాడు అందరినీ పక్క తలుపులోంచి తిన్నగా వేదిక మీదికి తోసేశాడు.

వేదిక మీద ఉదయ్ చెమటలు కక్కుతూ వాయిస్తున్నాడు. వయొలిన్ల హోరులో గిటారు వాడికే వినబడడం లేదు. మరిడమ్మ నేరుగా వెళ్ళి వాడి చేతిలోది లాక్కుని, కుంకుమ బొట్టున్న గిటారు పెట్టింది. లియోంగ్ చేతిలో తాళం చూపే కర్ర గాలిలోనే ఆగిపోయింది.

"అత్తా, కిందికి దిగండి," అన్నాడు ఉదయ్ పళ్ళ బిగువున.

"తలుపు మూసేసినారు. నువ్వు వాయించు."

ఇక చేసేదేమీ లేదు. ఉదయ్ తీగలు సరిచేసుకుని మీటాడు. స్వరం ఖంగున హాలు చివరిదాకా వెళ్ళింది. లియోంగ్ ముఖం విప్పారింది. కర్ర కదిలింది. స్కాట్లాండ్ పంటకోతల పాట ఊపందుకుంది. సూరిబాబు కాళ్ళు ఊరుకోలేదు. తాతల నాడు విజయనగరం నుంచి తోట కూలీలతో పాటు సముద్రం దాటొచ్చిన తప్పెటగుళ్ళ అడుగు వేశాడు. వెనకాల చుట్టాలంతా అందుకున్నారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మర్నాడు హాలు మేనేజరు ఉదయ్‌కి ఫోన్ చేశాడు. వచ్చే ఏడూ ఆ స్కాట్లాండ్ బృందమే కావాలన్నాడు.

గిటారు పట్టుకుని ఉదయ్ కూడా వస్తే తమకేమీ అభ్యంతరం లేదన్నాడు.